జీపుకి పెద్ద టైర్లు: ఒక్క మార్పు, పది పర్యవసానాలు

జీపు అన్న మాట మనకి ఎప్పుడో తెలుగు మాట అయిపోయింది. కలెక్టరు జీపు, పోలీసు జీపు, ఎన్నికల ప్రచారం జీపు అంటూ పెరిగిన వాళ్ళం. పుట్టింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో, అమెరికా సైన్యం అవసరం కోసం. విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండూ కలిసి అప్పట్లో ఆరు లక్షల పైచిలుకు బళ్ళు తయారు చేశాయి. ఆ వంశంలోదే ఇప్పటి జీప్ రాంగ్లర్. అమెరికాలో స్థిరపడ్డ మన సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు కొందరు, కుర్రతనం దాటిన వాళ్ళు మరికొందరు, దీన్ని కొనుక్కుని కొండదారుల వెంట పడుతున్నారు. కొన్న ఆరు నెలలకి అందరికీ ఒకటే కోరిక పుడుతుంది: "టైర్లు కొంచెం పెద్దవి వేస్తే బాగుంటుంది కదా!"

ఆఫీసులో రెండు లైన్ల కోడు మార్చాలంటే ఇద్దరు రివ్యూ చెయ్యాలి, టెస్టులు పాసవ్వాలి, ఆ తరవాతే ప్రొడక్షన్‌కి వెళుతుంది. అదే మనిషి శనివారం పొద్దున్న తన గరాజ్‌లో రెండు టన్నుల బండికి టైర్లూ స్ప్రింగులూ మార్చేసి, సోమవారం అదే బండిలో పిల్లల్ని స్కూలుకి తీసుకెళతాడు. రివ్యూ లేదు, టెస్టు లేదు. ఇక్కడ తేడా వస్తే రాత్రి ఫోను మోగడంతో సరిపోదు.

అందుకని ఈ వ్యాసంలో ఒకే ఒక్క మార్పు, అంటే పెద్ద టైర్లు వెయ్యడం, తీసుకుని దాని తీగ లాగి చూద్దాం. ఎంత డొంక కదులుతుందో తెలిశాక, ఎక్కడ ఆగాలో మీరే తేల్చుకోవచ్చు. ఉదాహరణకి 2012 నుంచి 2018 దాకా అమెరికాలో అమ్మిన జేకే తరం రాంగ్లర్‌లో అన్నిటికంటె చవక రకం, నాలుగు తలుపుల "స్పోర్ట్" ఆటోమేటిక్ తీసుకుందాం. పాతబళ్ళ బజారులో బాగా దొరికేది ఇదే.

టైరు మీద అంకెలు

ఈ బండికి కంపెనీ వాళ్ళిచ్చిన టైరు కొలత 225/75 ఆర్ 16. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది టైరు పక్కగోడ ఎత్తు, వెడల్పులో 75 శాతం. మూడోది రిమ్ము వ్యాసం, అంగుళాలలో. ఒకే కొలతలో మిల్లీమీటర్లూ, శాతాలూ, అంగుళాలూ కలిపేసిన వాళ్ళకి దణ్ణం పెట్టి లెక్క వేద్దాం. 225 లో 75 శాతం 168.75. పైనా కిందా కలిపి రెండు గోడలు కనుక 337.5. దానికి 16 అంగుళాల రిమ్ము, అంటే 406.4 మిల్లీమీటర్లు కలిపితే 743.9 మిల్లీమీటర్లు. సుమారు 29.3 అంగుళాలు.

అందరూ కలలు కనేది 35 అంగుళాల టైరు. 35 ని 29.3 తో భాగిస్తే దాదాపు 1.195. ఈ 1.195 ని గుర్తు పెట్టుకోండి. ఇకమీద కథంతా ఈ అంకెదే.

ముందు లాభం చూద్దాం. వ్యాసం 5.7 అంగుళాలు పెరిగినా, ఇరుసు నేల మీంచి లేచేది అందులో సగమే, అంటే 2.85 అంగుళాలు. మిగతా సగం ఇరుసుకి పైన ఉంటుంది. రాళ్ళ దారిలో ఈ మూడంగుళాలు చిన్న విషయం కాదు. ఇరుసు మధ్యలో ఉన్న గేర్ల డబ్బా అడుగు నేలకి తగలకుండా కాపాడేది టైరు వ్యాసం ఒక్కటే. స్ప్రింగులు ఎంత పొడుగువి వేసినా బాడీ లేస్తుంది గాని ఇరుసు లేవదు. కాబట్టి పెద్ద టైరు కోరిక అర్థం లేనిది కాదు. అయితే దానికి కట్టవలసిన మూల్యం దుకాణం బిల్లులో కనిపించదు.

గేర్ల లెక్క

చిన్న సైకిలుకి పెద్ద చక్రం బిగిస్తే ఏమవుతుంది? పెడలు బరువెక్కుతుంది. జీపులోనూ అంతే. ఈ బండి ఇరుసు గేర్ల నిష్పత్తి 3.21. అంటే ప్రొపెల్లర్ షాఫ్టు 3.21 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. చక్రం 1.195 రెట్లు పెద్దదయితే ఆ 3.21 కాస్తా 2.69 లాగ పని చేస్తుంది. ఇంజను తిప్పే బలంలో నేలకి చేరేది దాదాపు ఆరో వంతు తగ్గిపోయిందన్నమాట.

హైవే మీద ఇది ఎలా తెలుస్తుందో చూడండి. గంటకి 65 మైళ్ళ వేగంతో, పై గేరులో (దాని నిష్పత్తి 0.83) వెళుతున్నప్పుడు పాత టైర్లతో ఇంజను నిమిషానికి సుమారు 1,990 చుట్లు తిరిగేది. కొత్త టైర్లతో 1,660 చుట్లే. "తక్కువ తిరిగితే పెట్రోలు ఆదా కదా" అనిపిస్తుంది. కాని ఈ 3.6 లీటర్ల ఇంజను తన పూర్తి బలం చూపించేది 4,800 చుట్ల దగ్గర. 1,660 దగ్గర దానికి ఊపిరి అందదు. చిన్న ఎత్తు రాగానే గేరు దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది, మళ్ళీ దిగుతుంది. పెట్రోలు ఆదా కాదు సరికదా గేరుబాక్సు నూనె వేడెక్కుతుంది.

దీనికి మందు ఇరుసులో క్రౌను, పినియను మార్చడం. మొదటి బలం తిరిగి రావాలంటే 3.21 ని 1.195 తో గుణించాలి, 3.84 వస్తుంది. టైరు బరువూ, గాలి తాకిడీ కూడా పెరిగాయి కనుక సాధారణంగా దానికంటె పైకి, 4.56 లాంటి నిష్పత్తికి వెళతారు. ఇక్కడ రెండు సంగతులున్నాయి. ఒకటి: ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ ఒకే నిష్పత్తి ఉండాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే, ఫోర్-వీల్ లివరు వెయ్యగానే రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి కుస్తీ పడతాయి. రెండు: ఇది మొదటి శనివారం పని కాదు. రెండు గేర్ల పళ్ళ మధ్య వదలవలసిన ఖాళీని అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన కొలవాలి, బేరింగుల బిగువు చూడాలి, పళ్ళకి రంగు పూసి అచ్చు ఎక్కడ పడుతోందో చదవాలి. డయల్ ఇండికేటరూ, చదవడం నేర్పే మనిషీ లేకపోతే ఈ ఒక్క పనీ షెడ్డుకే వదిలెయ్యడం మేలు.

స్పీడోమీటరు చెప్పే అబద్ధం

స్పీడోమీటరు వేగాన్ని కొలవదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, ఒక్కో చుట్టుకి ఇన్ని అడుగులు అని తనకి చెప్పిన అంకెతో గుణిస్తుంది. చక్రం మారినా ఆ అంకె మారదు కదా. అందుకని ముల్లు 60 దగ్గర ఉన్నప్పుడు మీరు నిజంగా వెళుతున్నది గంటకి సుమారు 72 మైళ్ళు. పోలీసు రాడారుకి ఈ వివరం చెప్పినా వినదు. ఓడోమీటరు కూడా అంతే. వెయ్యి మైళ్ళు చూపించిందంటే 1,195 మైళ్ళు నడిచారన్నమాట. నూనె మార్చవలసిన సమయం దాటిపోతుంది. మైలేజీ ఉన్నదానికంటె ఘోరంగా కనిపిస్తుంది.

ఈ మరమ్మత్తు మన వాళ్ళకి ఇష్టమైనది, ఎందుకంటే ఇది సాఫ్ట్‌వేరుది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ స్టీరింగు కింద ఓ.బి.డి.-2 అనే ప్లగ్గు ఉంటుంది. అక్కడ పెట్టే చేతి పరికరాలు ఈ బండికి దొరుకుతాయి. వాటితో టైరు వ్యాసం, గేరు నిష్పత్తి కంప్యూటర్లో మార్చవచ్చు. దీన్ని "తరవాత చూద్దాం" అని వదలకండి. గేరు ఎప్పుడు మార్చాలో ఆటోమేటిక్‌కి చెప్పేది కూడా ఆ అంకెలే.

బ్రేకులు, బరువు

బ్రేకు పట్టుకునేది చక్రం మధ్యలో ఉన్న పళ్ళెాన్ని. నేల పట్టుకునేది టైరు అంచుని. ఈ రెంటి మధ్య దూరం పెరిగితే నేల బలానికి పెద్ద మీట దొరికినట్టు. పెడలు మీద అదే ఒత్తిడి పెడితే నేల మీద ఆపే బలం 1.195 తో భాగించినంతకి, అంటే 84 శాతానికి పడిపోతుంది. పాత అలవాటు ప్రకారం కాలు పెడితే పాత చోట ఆగదు.

దానికి తోడు బరువు. పాత టైరు ముప్ఫై పౌన్ల ప్రాంతం. 35 అంగుళాల మొరటు టైరు అరవై, డెబ్భై పౌన్లు తూగుతుంది. పైగా అది తిరిగే బరువు, అందులోనూ అంచున ఉన్న బరువు. విష్ణుచక్రాన్ని తిప్పడం కంటె తిరగలి రాయిని తిప్పడం ఎంత కష్టమో, ఆపడమూ అంతే. ఇక వెనక తలుపుకి వేలాడే స్టెప్నీ ఉంది. తలుపు మడతబందులు కంపెనీ స్టెప్నీ కోసం చేసినవి, దీని కోసం కాదు. ముందు ఇరుసు కూడా ఈ చవక రకంలో డేనా 30 అనే తేలిక రకం. గుంతల్లో పెద్ద టైర్లతో దూకిస్తే దాని గొట్టాలు వంగుతాయి.

ఇన్ని చెప్పాక రిమ్ముల మాట మరిచిపోకూడదు. 35 అంగుళాల టైరు పన్నెండున్నర అంగుళాల వెడల్పుంటుంది. పాత ఏడంగుళాల వెడల్పు రిమ్ము మీద అది కూర్చోదు. రిమ్ములు కూడా కొత్తవి కావాలి.

లిఫ్టు కిట్టు కథ

ఇంత టైరు వేస్తే స్టీరింగు తిప్పినప్పుడూ, చక్రం గుంతలోంచి పైకి లేచినప్పుడూ బాడీకి రాసుకుంటుంది. అందుకని పొడుగు స్ప్రింగులు వేసి బాడీని రెండున్నర అంగుళాలో, ఇంకా ఎక్కువో లేపుతారు. దీన్నే లిఫ్టు అంటారు. స్ప్రింగు మార్చడం కష్టం కాదు. స్ప్రింగుతో పాటు ఏమేం మారిపోతాయో తెలియకపోవడం కష్టం.

ఇరుసుని ముందూ వెనకా కదలకుండా పట్టేవి కంట్రోల్ ఆర్మ్ అనే కడ్డీలు. బాడీ లేస్తే ఇవి ఏటవాలుగా అయి, ఇరుసుని కొంచెం తిప్పేస్తాయి. సైకిలు ముందు ఫోర్కు కొంచెం వాలుగా ఉంటుంది చూశారా? ఆ వాలు వల్లే చేతులు వదిలేసినా సైకిలు తిన్నగా పోతుంది. జీపుకీ ఆ వాలు ఉంది. దాన్ని కాస్టరు అంటారు. లిఫ్టుతో అది తగ్గి, హైవే మీద స్టీరింగు తేలిపోయినట్టు అనిపిస్తుంది. పొడుగు కడ్డీలు గాని, కోణం సరిచేసే బ్రాకెట్లు గాని వెయ్యాలి.

ఇరుసుని అడ్డంగా కదలకుండా పట్టేది ట్రాక్ బార్. దీని ఒక కొస బాడీ చట్రానికి, రెండో కొస ఇరుసుకి ఉంటాయి. చట్రం లేచినప్పుడు ఈ కడ్డీ ఒక వృత్తఖండం మీద తిరుగుతుంది కనుక ఇరుసు ఒక పక్కకి జరుగుతుంది. ఆ బోల్టు వదులుగా ఉందో, ముందు చక్రాలు ఒక గుంతలో పడగానే బండి ముందు భాగమంతా భయంకరంగా ఊగడం మొదలెడుతుంది. ఇంగ్లీషు వాళ్ళు దీన్ని "డెత్ వాబుల్" అని పిలుచుకున్నారు. పేరులోనే ఉంది భయం.

అన్నిటికంటె సాఫ్ట్‌వేరు వాళ్ళకి నచ్చే తప్పు ఒకటుంది. లిఫ్టు తరవాత స్టీరింగు లింకు కోణం మారి, బండి తిన్నగా వెళుతున్నా స్టీరింగు చక్రం ఒక పక్కకి తిరిగి ఉంటుంది. "చూడ్డానికి బాగాలేదు అంతే కదా" అనుకుంటాం. కాని బండిలో జారకుండా కాపాడే ఈ.ఎస్.సి. అనే ఏర్పాటు, స్టీరింగు ఎటు తిరిగి ఉంటే డ్రైవరు అటు వెళ్ళాలనుకుంటున్నాడని నమ్ముతుంది. బండి అటు వెళ్ళకపోయేసరికి జారిపోతోందనుకుని తనంతట తాను ఒక చక్రానికి బ్రేకు వెయ్యగలదు, ఇంజను బలం తగ్గించగలదు. ఇన్‌పుట్ తప్పయితే ప్రోగ్రాము ఎంత మంచిదైనా ఏం లాభం? లింకు మధ్యలో ఉన్న మర తిప్పి స్టీరింగుని మధ్యకి తెచ్చాకే రోడ్డెక్కాలి. ఆ తరవాత అలైన్‌మెంటు చేయించాలి.

మరొక్క ముఖ్యమైన సంగతి. కంట్రోల్ ఆర్మ్ కొసల్లో రబ్బరు బుష్షులుంటాయి. ఇవి తిరగవు, మెలి పడతాయి. బండి స్టాండ్ల మీద వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగిస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడిన స్థితిలోనే బతకవలసి వస్తుంది. త్వరగా చిరిగిపోతుంది. బోల్టులన్నీ చేతి బిగువుకి పెట్టి, బండిని చక్రాల మీద దింపి, నాలుగుసార్లు ఊపి, అప్పుడు చివరి బిగింపు వెయ్యాలి. బ్రేకు గొట్టాలు పూర్తి జాపుకి అందుతున్నాయో లేదో కూడా చూసుకోవాలి.

బోల్తా లెక్క

బండి పక్కకి బోల్తా పడకుండా ఉండే సత్తాని అమెరికా రహదారి భద్రతా సంస్థ ఒక తేలిక సూత్రంతో కొలుస్తుంది: రెండు చక్రాల మధ్య దూరాన్ని, గురుత్వ కేంద్రం ఎత్తుకి రెట్టింపుతో భాగించాలి. ఈ బండి చక్రాల మధ్య దూరం 62 అంగుళాలు. గురుత్వ కేంద్రం 28 అంగుళాల ఎత్తులో ఉందని ఉదాహరణకి అనుకుందాం. 62 ని 56 తో భాగిస్తే 1.1. టైర్లూ లిఫ్టూ కలిసి దాన్ని 32 కి లేపితే 0.97. వెడల్పు రిమ్ములు చక్రాలని బయటికి జరిపి కొంత తిరిగి ఇస్తాయి, పూర్తిగా కాదు.

ఈ అంకెకి అర్థమేమిటి? మలుపులో బండిని పక్కకి తోసే బలం దాని బరువులో ఇన్నో వంతు అయ్యేసరికి లోపలి చక్రాలు నేల వదులుతాయని. స్ప్రింగులు ఒరిగేదీ, టైరు నొక్కుకునేదీ లెక్కేస్తే నిజంలో ఇంకా ముందే వదులుతాయి. అంకె తగ్గేకొద్దీ, చక్రం జారి మిమ్మల్ని హెచ్చరించే అవకాశం తగ్గి, జారకుండానే తిరగబడే అవకాశం పెరుగుతుంది. పైన రాకు మీద గుడారం, నీళ్ళ డబ్బాలు పెట్టేవారు ఈ పేరా రెండోసారి చదవండి.

అసలు మొదటి అప్‌గ్రేడు: గరాజ్

జీపుకి ఒక్క రూపాయి ఖర్చు పెట్టక ముందు గరాజ్‌కి పెట్టాలి. మొదటి సూత్రం: జాకీ లేపడానికి, స్టాండు మొయ్యడానికి. జాకీ నూనె ఒత్తిడి మీద నిలబడుతుంది. లోపలి రబ్బరు వాషరు ఒకటి చిరిగితే క్షణంలో దిగిపోతుంది. జాకీ మాత్రమే ఉన్న బండి కిందికి భుజం దాకా కూడా దూరకూడదు. స్టాండ్లని కూడా గుడ్డిగా నమ్మకూడదు. 2020 లో అమెరికాలో ఒక పెద్ద పనిముట్ల గొలుసు దుకాణం అమ్మిన స్టాండ్లలో పన్ను జారుతోందని లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచారు. అందుకని స్టాండ్ల మీదకి దింపాక బండిని చేత్తో గట్టిగా తోసి చూడండి. ఊడదీసిన చక్రాలని చట్రం కిందికి దొర్లించి పడుకోబెట్టండి. అది పైసా ఖర్చు లేని రెండో స్టాండు.

నేల చదునుగా ఉండాలి. ఎండాకాలం తారు నేల మీద స్టాండు కాళ్ళు దిగబడతాయి, కింద మందం ప్లైవుడ్ ముక్క వెయ్యండి. టూ-వీల్‌లో ఉన్న బండిని పార్కులో పెట్టినా, హ్యాండు బ్రేకు వేసినా ఆగేవి వెనక చక్రాలే. వెనక భాగం లేపుతున్నప్పుడు బండిని ఆపేది ముందు చక్రాల కింద మీరు పెట్టిన అడ్డుచెక్కలొక్కటే.

చాలా ఇళ్ళలో గ్యాసు వాటరు హీటరు గరాజ్‌లోనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువు, నేలబారున పాకుతుంది. హీటరు మంటని నేలకి 18 అంగుళాల ఎత్తున పెట్టాలనే నిబంధన అందుకే వచ్చింది. పెట్రోలు గొట్టం విప్పే పని ఉంటే బయట పెట్టుకోండి.

బోల్టు ఒక స్ప్రింగు

టార్క్ రెంచి ఎందుకు కొనాలని అడిగేవారికి చిన్న లెక్క. బోల్టుని బిగించడమంటే దాన్ని కొద్దిగా సాగదియ్యడం. సాగిన బోల్టు స్ప్రింగులాగ వెనక్కి లాగుతూ రెండు ముక్కల్ని అదిమి పట్టుకుంటుంది. చక్రాన్ని పట్టి ఉంచేది ఆ అదుము. అర అంగుళం బోల్టుకి 95 అడుగు-పౌన్ల బిగువు వేస్తే, మరలు పొడిగా ఉన్నప్పుడు వచ్చే అదుము సుమారు 11,400 పౌన్లు. మరలకి నూనె రాసి అదే 95 వేస్తే ఘర్షణ తగ్గి 15,000 పౌన్లు దాటవచ్చు. "తుప్పు పట్టకుండా ఒక చుక్క నూనె" అనే మంచి ఉద్దేశం బోల్టుని తెగే దాకా సాగదీస్తుంది. మీ బండి పుస్తకంలో ఇచ్చిన అంకె పొడి మరలకి ఇచ్చిందేమో చూసి, అంతే వెయ్యండి. నట్లని నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా బిగించండి. కొత్త రిమ్ములు వేశాక యాభై, వంద మైళ్ళ తరవాత మరోసారి చూడండి.

గాలి తీస్తే చాలు

ఇప్పుడు ఈ వ్యాసంలో అన్నిటికంటె చవకైన అప్‌గ్రేడు. ఈ బండిలో ఒక్కో చక్రం మీద పడే బరువు వెయ్యి పౌన్లు పైచిలుకు. టైరులో గాలి 35 పి.ఎస్.ఐ. ఉంటే, వెయ్యిని 35 తో భాగించినంత, అంటే దాదాపు 29 చదరపు అంగుళాల టైరు నేలకి తగులుతుంది. గాలిని 18 కి తగ్గిస్తే 55 చదరపు అంగుళాలు. పక్కగోడ గట్టిదనం వల్ల నిజంలో లెక్క ఇంత కచ్చితంగా రాదు గాని, దిశ ఇదే. టైరు రాయిని కరుచుకుంటుంది, ఇసకలో కూరుకుపోకుండా తేలుతుంది. గల్ఫు ఎడారుల్లో తిరిగే మన వాళ్ళు ఇసక అంచుకి రాగానే మొదట చేసే పని ఇదే. పాత 29 అంగుళాల టైరుతో గాలి తీసిన బండి వెళ్ళే చోట్లకి, కొత్త 35 తో గాలి తియ్యని బండి వెళ్ళలేకపోవచ్చు.

తీసిన గాలి తారు రోడ్డు ఎక్కే ముందు తిరిగి కొట్టాలి. తక్కువ గాలితో హైవే వేగం టైరుని వేడెక్కించి చింపేస్తుంది. అందుకు చిన్న కంప్రెసరు కావాలి. అది 30 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. సిగరెట్టు లైటరు సాకెట్టు అంత ఇవ్వలేదు, బ్యాటరీ నుంచి తీగ లాగాలి. పది అడుగుల దూరమంటే పోను, రాను ఇరవై అడుగుల తీగ. 16 నంబరు సన్న తీగ వేస్తే దారిలోనే 2.4 వోల్టులు పోయి, 72 వాట్ల వేడి ఆ తీగలోనే పుడుతుంది. 8 నంబరు తీగలో పోయేది 0.4 వోల్టు లోపే, వేడి 11 వాట్లు. ఫ్యూజు బ్యాటరీకి ఆనుకుని ఉండాలి. ఫ్యూజుకి ముందున్న తీగని ఎవరూ కాపాడరు.

బండి కూరుకుపోతే లాగడానికి చట్రానికి బిగించిన గట్టి కొక్కేలు కావాలి. ట్రైలరు తగిలించే గుండు దీనికి పనికిరాదు. సాగే తాడుకి దాన్ని తగిలించి లాగినప్పుడు గుండు విరిగితే ఫిరంగి గుండే అవుతుంది. అద్దం బద్దలు కొట్టుకుని లోపలికి వస్తుంది.

మరి ఏ వరసలో?

గరాజ్ పనిముట్లు, లాగే కొక్కేలు, గాలి తీసే అలవాటు, కంప్రెసరు. ఈ నాలుగింటితో ఒక ఏడాది తిరగండి. అప్పటికీ కింద తగులుతోందంటే 35 కి దూకకుండా మధ్యలో ఒక మెట్టు ఉంది. ఇదే జీపులో ఖరీదైన "రూబికాన్" రకానికి కంపెనీ ఇచ్చిన టైరు 255/75 ఆర్ 17, అంటే 32 అంగుళాలు. అప్పట్లో కొత్త రూబికాన్ కొన్నవాళ్ళు తమ 35 కోసం వీటిని రిమ్ములతో సహా ఊడదీసి అమ్మేసేవారు. మన స్పోర్ట్‌కి ఇవి లిఫ్టు లేకుండానే పడతాయి. నేల నుంచి లాభం 1.4 అంగుళాలు. 1.195 బదులు మన అంకె 1.095. బ్రేకులు, బోల్తా లెక్క, ఇరుసు బలం అన్నీ అదుపులోనే ఉంటాయి. మార్చవలసిందల్లా కంప్యూటర్లో టైరు కొలత. ఈ కూర్పుని కంపెనీ ఇంజనీర్లు ఇదే చట్రం మీద పరీక్షించారు. మనకి ఉచితంగా దొరికిన టెస్టింగ్ అది.

అది కూడా చాలకపోతే, 35 తప్పనిసరి అయితే, రిమ్ములు, లిఫ్టు, కడ్డీలు, గేర్లు, బ్రేకులు, కంప్యూటరు, అలైన్‌మెంటు మొత్తం ఒకే ప్రాజెక్టు అనుకుని దిగండి. సగంలో ఆపితే బండి రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

చట్టం సంగతి రెండు ముక్కలు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చెయ్యడం కుదరదు. కాని ఆ భాగం వల్లే ఇరుసు విరిగిందని తేలితే ఆ మరమ్మత్తు మీ నెత్తినే పడుతుంది. ఎంత ఎత్తు లేపవచ్చో రాష్ట్రానికో లెక్క ఉంది. ఇన్సూరెన్సు వాళ్ళకి ముందే చెప్పడం మంచిది. ఇండియా వెళ్ళిపోయి అక్కడ థార్ కొని ఇదంతా చేద్దామనుకునే వాళ్ళకి ఒక మాట: కంపెనీ నిర్దేశించిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని భారత సుప్రీం కోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది.

ఏ భాగం కొనే ముందైనా ఒక కాగితం తీసి, మధ్యలో దాని పేరు రాసి, అది దేన్ని మోస్తోంది, దేన్ని తిప్పుతోంది, దేనికి తగులుతోంది, ఏ కంప్యూటరు దాని మాట నమ్ముతోంది అని నాలుగు బాణాలు గియ్యండి. బాణాల చివర ఉన్న వాటన్నిటికీ మీ దగ్గర జవాబు ఉంటేనే డబ్బు తియ్యండి. బోల్టులు బిగించాక, బిగించని ఇంకో మనిషి చేత ప్రతి బోల్టునీ మళ్ళీ చూపించండి. ఆఫీసులో అలవాటైన రివ్యూయే అది.